తోకలో చీలిక

ఆమెను అందరూ డేగకళ్లు అనేవారు. మొదట్లో వెక్కిరింపుగా అన్నారు, తర్వాత గౌరవంగా అన్నారు, చివరికి అసలు పేరే మరిచిపోయి అన్నారు. విమానాశ్రయంలో జీతాల గుమాస్తా కూడా "డేగకళ్లు గారు వచ్చారా?" అని అడిగేవాడు. ఆ పేరు పెట్టిన మహానుభావుడెవరో గానీ, ఇప్పుడు అది వినబడితే ఆమెకు చెంప ఛెళ్లుమన్నట్టు ఉంటుంది. ఎందుకో చెబుతాను. ముందే అనేస్తున్నా, ఇది సరదా కథ కాదు. కాసేపు నవ్వుకుందామని కూర్చున్నవాళ్లుంటే ఇప్పుడే లేచి వెళ్లండి, నేనేమీ అనుకోను.

వాళ్ల నాన్నది ఫొటో స్టూడియో. స్టూడియో అంటే ఏదో అనుకునేరు. ఒక ఇరుకు గది, ఒక నీలం తెర, కాలు ఊగే స్టూలు, అంతే. అర్జీలకు అంటించే చిన్న ఫొటోలతోనే ఆయన బతుకు తెల్లారిపోయింది. "గడ్డం పైకి. ఇంకాస్త. కళ్లార్పకండి." రోజంతా ఇదే పాట. నవ్వే మొహం పనికిరాదు, వాల్చిన తల పనికిరాదు, చెవులు రెండూ కనబడాలి. ఆ చెవుల మీద ఆయనకు అంతులేని నమ్మకం. "మొహం మారుతుందే తల్లీ. చిక్కితే మారుతుంది, ఏడిస్తే మారుతుంది, గడ్డం పెంచితే సొంత పెళ్లామే పోల్చుకోలేదు. చెవి మారదు. ఒక్క గుర్తు గట్టిగా పట్టుకో, చాలు" అనేవాడు. కలిసిపోయిన ఫొటోలను చెవులు చూసి ఎవరివి వాళ్లకు ఏరి ఇచ్చేది కూతురు. ఒక్కసారి కూడా తప్పలేదు. ఒక్క గుర్తు అనే ఆ మాట అప్పుడే నెత్తికెక్కింది, మళ్లీ దిగలేదు.

పక్షుల పిచ్చి కూడా ఆ స్టూడియో మేడ మీదే పట్టుకుంది. ఎదురింటి నీళ్ల ట్యాంకు మీద పెద్ద పక్షి వాలితే నాన్న కెమెరాతో ఫొటో తీసి, ఇదేమిటని వీధంతా అడిగింది. అందరిదీ ఒకటే మాట, గద్ద. మర్నాడు ఇంకో పక్షి, సన్నగా, పొట్ట నిండా చారలతో. అదీ గద్దేనట. ఆ పైవారం ముంత పరిమాణంలో ఒక బుల్లిది, పిచ్చుకను కాళ్లతో నొక్కిపట్టి పీక్కుతింటోంది. అదీ గద్దే! ఆమెకు ఒళ్లు మండిపోయింది.

"ముక్కు వంకర తిరిగిన ప్రతిదీ గద్దేనా? అయితే మేనత్తని కూడా గద్దనే అనండి!" అని ఇంటికొచ్చి గొడవపడింది.

"అందరూ అంటున్నదే కదే, నువ్వు కొత్తగా కనిపెట్టావా?" అంది వాళ్లమ్మ, చేస్తున్న పని ఆపకుండా.

అప్పటినుంచీ ఆమె బతుకంతా గద్దను గద్ద అనడం, గద్ద కానిదాన్ని గద్ద అననివ్వకపోవడం. నాన్న పోయాక స్టూడియో మూతపడింది గానీ కెమెరా మూతపడలేదు. పెళ్లి సంబంధాలు వచ్చాయి, వెళ్లాయి. చూడ్డానికి వచ్చిన ఒకాయన మేడ మీద నిలబడి "అబ్బ, ఎంత పెద్ద గద్దో!" అన్నాడట, అది గద్ద కాదు, పాములను తినే వేరే జాతి. ఆ సంబంధం అక్కడితో సరి. "మొగుణ్ణి వెతుక్కోవే అంటే మబ్బుల్లో గద్దల్ని వెతుక్కుంటోంది, నా ఖర్మ" అని వాళ్లమ్మ ఇంటికొచ్చిన ప్రతి మనిషికీ చెప్పుకునేది. చెప్పుకుంటూనే కూతురి లెన్సుకు మెత్తటి గుడ్డతో సంచీ కుట్టిపెట్టింది.

వేటపక్షిని ఫొటో తీయడమంటే చిలకను తీసినట్టు కాదు. అది ఎప్పుడూ దూరంగానే ఉంటుంది, ఎత్తులోనే ఉంటుంది, సూర్యుడికి అడ్డంగానే తిరుగుతుంది. రంగు తెలియదు, కన్ను తెలియదు, నల్లటి నీడ ఒక్కటే కనబడుతుంది. ఆ నీడలోంచే జాతి తేల్చాలి. రెక్క కొసన ఈకలు వేళ్లలా ఎన్ని విడిపడ్డాయి, మెడ ఎంత ముందుకొచ్చింది, తోక అంచు ఎలా ఉంది, ఇవే ఆధారాలు. మామూలు గద్దకు తోక మధ్యలో చీలిక ఉంటుంది. మిగతా పెద్ద వేటపక్షుల్లో ఏ ఒక్కదానికీ ఉండదు. ఆమెకు ఇంకేం కావాలి? నాన్నకు చెవి ఎలాగో ఆమెకు తోక అలాగ. చీలిక ఉందా, గద్ద. లేదా, ఆగి చూడు. ఆ నేర్పు చూసే విమానాశ్రయం వాళ్లు పిలిచి ఉద్యోగమిచ్చారు.

విమానాలు దిగే దారికి అటూ ఇటూ గడ్డి మైదానం. గడ్డి కోసిన రోజున ఎలుకలు, మిడతలు బయటపడతాయి, వాటి కోసం పక్షులొస్తాయి. పక్షి వెళ్లి విమానం ఇంజనులో పడితే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు. అందుకని ఒక జీపు, అందులో ఇద్దరు మనుషులు. ఒకరు ఈమె, కెమెరాతో. రెండోవారు తుపాకీ బాబాయి. ఆయన సైన్యంలో పనిచేసి వచ్చిన మనిషి, మోకాళ్ల నొప్పులు, చక్కెర లేని టీ, ఎప్పుడూ ఏదో ఒక పాత సినిమా కథ. ముందు టపాకాయలు పేల్చి బెదిరిస్తారు. బెదరకపోతే, విమానం దగ్గరికొచ్చేస్తే, అప్పుడు అది ఏ పక్షో ఆమె చెప్పాలి. గద్ద అయితే కాల్చవచ్చు, ఊరి నిండా అవే. ఇంకే వేటపక్షి అయినా దాని మీద చెయ్యి వెయ్యకూడదు, విమానాన్నే గాల్లో ఇంకో చుట్టు తిప్పాలి. వాకీటాకీలో ఆమె అనే ఒక్క మాట మీద అంతా నడుస్తుంది. ఇన్నేళ్లలో ఆమె మాటకు తిరుగులేదు.

ఇప్పుడు ఒక పక్షిపిల్ల సంగతి చెప్పాలి.

ఊరి బయట పాత జలాశయం ఉంది. మునిగిపోయిన చెట్ల మోడులు నీళ్లలో అలాగే నిలబడి ఉంటాయి. అందులో అన్నిటికన్నా ఎత్తైన మోడు మీద చేపలగద్దల జంట ఒకటి గూడు కట్టుకుంది. తెల్లటి తల, పెద్ద ముక్కు, రెక్కలు విప్పితే మంచమంత ఉంటాయి. ఆ చుట్టుపక్కల మిగిలింది ఆ జంట ఒక్కటే. ఒక ఏడు గాలివానకు గూడు కూలింది. ఒక ఏడు గుడ్లు చల్లబడిపోయాయి. ఇంకో ఏడు పిల్ల బయటికొచ్చింది గానీ కాకులు బతకనివ్వలేదు. ఆమె సెలవు దొరికిన ప్రతిసారీ వెళ్లి, గూడుకు దూరంగా బురదలో కూర్చుని, ఆ దిక్కుమాలిన జంట కష్టాలన్నీ ఫొటోలు తీసుకుని, ఏడుపు మొహంతో ఇంటికి వచ్చేది. "నీకు పిల్లలు లేకపోయినా పురిటి బాధలు మాత్రం తప్పలేదే" అనేది వాళ్లమ్మ.

ఈ ఏడు మాత్రం పిల్ల దక్కింది. ఒక్కటే పిల్ల. గోధుమరంగు బొచ్చు, ఎప్పుడూ ఆకలే. తెల్ల తల రావడానికి దానికింకా చాలా ఏళ్లు పడుతుంది. అది గూటి అంచున నిలబడి రెక్కలు ఆడించి గాల్లోకి లేచిన రోజున ఆమె ఇంటికి ఫోను చేసి "అమ్మా, ఎగిరిందే! ఎగిరేసింది!" అని అరిచింది. "ఎవరు ఎగిరారే, ఎక్కడి నుంచి?" అని వాళ్లమ్మ హడలిపోయింది పాపం. ఆ సాయంత్రం ఇద్దరూ ఆ ఫొటోలు చూసుకుంటూ చాలాసేపు కూర్చున్నారు. ఆమె అంత సంతోషంగా మళ్లీ ఎప్పుడూ లేదు.

తర్వాత గడ్డి కోతలు మొదలయ్యాయి. సెలవులు రద్దు. కొన్ని వారాలు ఆమె జలాశయం మొహం చూడలేదు. అక్కడ ఏం జరిగిందో ఆమెకు తెలిసే దారి లేదు.

ఆ రోజు పొద్దున ఎండ అప్పటికే చురుక్కుమంటోంది. కోసిన గడ్డి మీద ఒక పక్షి గుండ్రంగా తిరుగుతోంది. టపాకాయలు పేల్చారు. కాస్త పక్కకు జరిగి మళ్లీ వచ్చింది. కొత్తగా ఎగరడం నేర్చినవాటికి భయం ఉండదు. విమానం దగ్గర పడుతోందని వాకీటాకీ గోల పెడుతోంది. ఆమె కెమెరా ఎత్తింది. సూర్యుడు సరిగ్గా వెనకే ఉన్నాడు, నల్లటి నీడ తప్ప ఏమీ లేదు. తోక చూసింది. మధ్యలో స్పష్టంగా చీలిక ఉంది.

"గద్ద" అంది.

తుపాకీ బాబాయి తుపాకీ ఎత్తి, దించాడు. "కాస్త పెద్దగా లేదూ అమ్మాయ్?"

"తోక చూడు బాబాయ్, తోక! తోక అబద్ధం చెప్పదు."

"నువ్వు చూశావుగా, చాలు" అని ఆయన కాల్చాడు.

విమానం దిగింది. అందులోవాళ్లు బ్యాగులు తీసుకుని ఎవరి దారిన వాళ్లు వెళ్లిపోయారు. బాబాయి గడ్డిలోకి నడిచి, గోనెసంచితో తిరిగొచ్చాడు. మోకాళ్ల నొప్పి వల్ల కాదు, ఏదో బరువు వల్ల ఆగి ఆగి నడుస్తున్నాడు. "ఇదేంటమ్మాయ్, ఇంత బరువుంది?" అన్నాడు.

షెడ్డులో రేకు బల్ల మీద సంచి విప్పారు. ఆమె ముందు కాళ్లు చూసింది. అరికాళ్ల నిండా గరుకు ముళ్లు, జారిపోయే చేపను పట్టుకోవడానికి పుట్టుకతో వచ్చేవి. గద్దకు అలాంటివి ఉండవు. ముక్కు చూసింది. రెక్క విప్పి కింది రంగు చూసింది. గోధుమరంగు మెడ మీద చెయ్యి వేసి అలాగే ఉండిపోయింది. ఆ చుట్టుపక్కల చేపలగద్ద పిల్ల ఒక్కటే. ఇంకోటి ఉండడానికి వీల్లేదు.

"ఏమైందమ్మాయ్?"

"గద్ద కాదు బాబాయ్. ఆ పిల్ల. నేను చెప్తుంటానే, ఆ పిల్ల."

బాబాయి స్టూలు లాక్కుని కూర్చున్నాడు. తర్వాత "నాకు పెద్దగా కనబడింది. ఇంకోసారి గట్టిగా అనాల్సింది. నీ మాటంటే నాకు నమ్మకం, ఏం చెయ్యను" అన్నాడు. ఆయన తిట్టి ఉంటే బాగుండేది.

కెమెరాలో ఫొటోలు పెద్దవి చేసి చూసుకుంది. అన్నీ ఉన్నాయి. రెక్క కొసన వేళ్లు ఎక్కువే ఉన్నాయి, లెక్కపెట్టలేదు. మెడ పొడుగ్గా ఉంది, చూడలేదు. అన్నిటికన్నా ఘోరం తోకలోనే ఉంది. గద్ద తోకను పూర్తిగా విప్పితే చీలిక మాయమై అంచు తిన్నగా అయిపోతుంది. కొత్తగా కెమెరా పట్టినవాళ్లకు ఆమె మొదట చెప్పే పాఠమే అది. ఈ ఫొటోలో తోక పూర్తిగా విప్పి ఉంది, చీలిక మాత్రం ఇంకా వెడల్పయింది. అది చీలిక కాదు, మధ్యలో ఈకలు లేని ఖాళీ. ఏమీ తెలియనివాడు చూసుంటే "ఏదో పెద్ద పక్షి, ఏమిటో తెలీదు" అని ఉండేవాడు, పిల్ల బతికేది. తెలిసినదాన్నని ఆమె తోక చూసింది. మరి ఆ ఈకలు ఏమయ్యాయి? ఎగరడం నేర్చిన పిల్లకు ఈకలు రాలే వయసు కూడా కాదు. ఎంత బుర్ర బద్దలు కొట్టుకున్నా ఆమెకు అంతుపట్టలేదు.

డ్యూటీ ఆఫీసరు గదికి వెళ్లింది. తిట్టించుకోవడానికే వెళ్లింది, ఉద్యోగం పోగొట్టుకోవడానికి కూడా సిద్ధపడి వెళ్లింది.

"సార్, పొద్దున నేను గద్ద అన్నది గద్ద కాదు. చేపలగద్ద."

"మరి గద్దే కదమ్మా!" అన్నాడాయన. "పేరులోనే ఉందిగా!"

"అది వేరు సార్, ఇది వేరు. గుర్రానికీ నీటిగుర్రానికీ తేడా లేదా?"

ఆయన పడీపడీ నవ్వాడు. "భలేదానివమ్మా! చూడు, గద్ద అన్నావు, గద్దని రాశాం. చేపలు తింటే ఏం, ఎలుకలు తింటే ఏం? విమానం క్షేమంగా దిగిందా లేదా? ఆ టైములో నువ్వు కాబట్టి క్షణంలో తేల్చావు, ఇంకొకరైతే నీళ్లు నమిలేవాళ్లు. కూర్చో, టీ తాగి వెళ్లు."

ఆమె టీ తాగింది. ఏం చేస్తుంది మరి? జీవితమంతా ఏ మాట మీద ఊరితో పోట్లాడిందో ఆ మాటే ఇప్పుడు ఆమెను కాపాడుతోంది. ఆ కాపాడడం కన్నా ఉరి తీసినా నయమనిపించింది. తప్పు చేశానని మొత్తుకుంటుంటే, అసలు తప్పే లేదు పొమ్మంటే మనిషి ఎక్కడికి పోవాలి చెప్పండి?

ఇంటికెళ్లి తల్లికి చెప్పింది. ప్రతిదానికీ ఏదో ఒక చురక అంటించే ఆ మనిషి ఆ రోజు మాత్రం కూతురి చేతిలోంచి కెమెరా తీసుకుని, సంచీలో పెట్టి, బీరువా మీద ఎక్కడో పైన పెట్టేసింది. "పడుకో" అంది. ఆమె పడుకుంది గానీ నిద్ర పట్టలేదు. కళ్లు మూసినా అదే నీడ గుండ్రంగా తిరుగుతోంది.

మర్నాటి నుంచి ఉద్యోగం నరకమైంది. కెమెరా కిందికి దింపుకుని వెళ్లింది, జీపెక్కింది, పక్షి కనబడింది, వాకీటాకీ అడిగింది. ఎదురుగా కంచె మీద కూర్చున్నది గద్ద అని పసిపిల్లాడైనా చెబుతాడు. ఆమె కాళ్లు చూసింది, ముక్కు చూసింది, తోక చూసింది, మళ్లీ మొదటి నుంచి చూసింది. "ఏంటమ్మా అది? త్వరగా!" "తెలీదు" అంది. విమానం ఒక చుట్టు ఎక్కువ తిరిగింది. ఆ మధ్యాహ్నం కాకిని చూసి కూడా "తెలీదు" అంది. టవర్ వాళ్లు నవ్వుకున్నారు, తర్వాత విసుక్కున్నారు. బాబాయి పాత సినిమా కథలు చెప్పడం మానేశాడు.

చివరికి వాళ్లే ఆమెను కొన్నాళ్లు ఇంట్లో ఉండమన్నారు. ఇంట్లో ఉండి ఏం చేయాలి? జలాశయానికి వెళ్లింది. వెళ్లకూడదని తెలుసు, కాళ్లు ఆగలేదు. ఆ తల్లిపక్షి మోడు మీదే ఉంది. కాలి కింద చేప ఉంది, ఇంకా కొట్టుకుంటోంది. ఎగరడం వచ్చాక కూడా చాలాకాలం పిల్లకు తల్లే తెచ్చిపెట్టాలి. అది అరుస్తోంది. అరిచి, అటూ ఇటూ చూసి, మళ్లీ అరుస్తోంది. చేపను మాత్రం ముట్టుకోవడం లేదు. ఆమె కెమెరా ఎత్తలేదు, కెమెరా తేలేదు కూడా. ఇంతకాలం ఫొటోలు తీసిన ఆ బురదలోనే నిలబడి ఆ పిలుపంతా విన్నది. తనను పొడిచి చంపినా బాగుండునని, ఆ తల్లికి తన సంగతి తెలిస్తే బాగుండునని అనుకుంది.

ఒడ్డు పక్కగా పడవ వచ్చి ఆగింది. అక్కడ చేపలు పట్టుకునే ముసలాయన, ఆమె పడవ తాత అని పిలిచే మనిషి. ఇన్నాళ్లూ గూటి కబుర్లన్నీ ఆమెకు చేరవేసింది ఆయనే.

"ఏం తల్లీ, బొత్తిగా నల్లపూసవైపోయావు! నీకోసమే చూస్తున్నా. ఉండు, నీదొకటి నా దగ్గరుంది" అంటూ పడవ కొసన దాచిన గుడ్డమూట విప్పాడు. అందులో రెండు ఈకలున్నాయి. గోధుమరంగువి, జానెడుకు మించిన పొడుగు. "నీ పిల్లవే. మొన్నీమధ్య చేప మీద దూకబోయి నా వలలో పడింది. ఏం గింజుకుంది తల్లీ! విడిపించేసరికి నా తలప్రాణం తోకకొచ్చింది, దాని తోకేమో నా చేతికొచ్చింది. మధ్యలో రెండూ ఊడిపోయాయి. పోతే పోయాయిలే, ప్రాణం దక్కింది, ఈకలు మళ్లీ మొలుస్తాయి."

ఆమె చెయ్యి చాపి ఈకలు తీసుకుంది.

"కానీ ఇప్పుడు ఎగిరితే చూడాలి, అచ్చం మామూలు గద్దే! నా బుట్టలో చేపలు దొంగిలించే గద్దేమోనని నేనే ఓసారి రాయి విసరబోయా. నువ్వైతే పోల్చుకుంటావులే. నీ కళ్లు కప్పగలదా అది?"

"కప్పింది తాతా" అంది ఆమె.

తాత బోసినోటితో పకపకా నవ్వాడు. "అయితే కనబడిందన్నమాట! హమ్మయ్య, ఎటు పోయిందోనని బెంగతో చస్తున్నా. తల్లి కూడా అరిచి అరిచి గొంతు పోగొట్టుకుంటోంది. ఎక్కడుంది? బాగా ఎగురుతోందా?"

ఆమె ఆ ఈకలు రెండూ గుండెకు అదుముకుని బురదలోనే కూలబడి బావురుమంది. తను ఏం తప్పు మాట్లాడాడో తెలియక తాత తెడ్డు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.